యల్లాప్రగడ సుబ్బారావుగారు

తొలకరి చినుకు పడిన వెంటనే నల్లరేగడి చేలనుండి ఒక కమ్మని వాసన లేచును. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తిని, మిరపను పండించు రైతులకు ఆ వాసన చిరపరిచితము. దానిని మట్టి వాసన యందురు. నిజమునకది మట్టిలో నివసించు కొన్ని సూక్ష్మజీవులు పుట్టించు వాసన. వానిలో ముఖ్యమైన జాతికి శాస్త్రజ్ఞులు స్ట్రెప్టోమైసీసు అని పేరు పెట్టిరి. చిటికెడు మట్టిలో ఇట్టి జీవులు లెక్కకు మిక్కిలిగా నుండును. కంటికి కానరావు, చేతికి తగులవు. అయినను వీనిలో కొన్ని, మృత్యుముఖమున నున్న రోగిని వెనుకకు మరలింపగల ఔషధములను తమలో తయారుచేసికొనుచుండును.

ఈ కానరాని లోకమును శోధించి, దానినుండి మానవజాతికి మేలుచేసిన మహనీయులలో ఒక తెలుగువాడు కలడు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కృషివలన వచ్చిన మందులను వాడుచున్న ఊళ్లలోనే ఆయన పేరు నెరుగనివారు పెక్కుమంది యుండుట విచారకరము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమగోదావరిసీమయందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. కలిగిన కుటుంబము కాదు. ఇంటిలో అనారోగ్యము, అకాలమరణములు తరచుగా చుట్టుముట్టుచుండెడివి. రాజమహేంద్రవరమున చదువు సాగుచుండగా బాలుని మనస్సు పుస్తకములపై నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేరెననియు, పెద్దలు వెదకి వెనుకకు తెచ్చిరనియు ఆయన చరిత్రకారులు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పిరి. తుదకు మదరాసు హిందూ హైస్కూలులో చేరి, మూడవమారు ఉత్తీర్ణులైరి. రెండుమారులు తప్పిన కుఱ్ఱవానిని మూడవమారు బడికి పంపుటకు పేదయింటి తల్లికెంత గుండెనిబ్బరము కావలెనో చదువరులూహింపగలరు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో ఆయన దృష్టి రామకృష్ణ మఠముపైకి మరలెను. సన్యసించి సేవ చేయవలెనని తలచిరి. తల్లి అందులకు సమ్మతింపలేదు. వైద్యము నేర్చినచో సంసారమున నుండియు సేవ చేయవచ్చునను తలంపుతో సుబ్బారావుగారు మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. 1919లో అనపర్తి నివాసులగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడిరి. మామగారు అల్లుని చదువునకు అండగా నిలిచిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. విదేశవస్త్రములను విడిచి ఖద్దరు ధరింపుడని ఆయన కోరగా, సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోనికి సహితము ఖద్దరు అంగీ తొడిగికొని పోయిరి. శస్త్రవిద్యాచార్యుడు ఆంగ్లేయుడు, ఆయనకు ఇది కంటగింపయ్యెను. దాని ఫలము పట్టాపై పడెను. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినను, పూర్తి యం.బి.బి.యస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదగు యల్.యం.యస్. పట్టము మాత్రమే ఆయనకు దక్కెను. నేసిన బట్టకై ఆయన చెల్లించిన మూల్యమిది. ప్రత్తి పండించు సీమవారు ఈ సంగతిని ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగును.

ఈలోపుగా ఆ యింట గొప్ప విపత్తు సంభవించెను. సుబ్బారావుగారి సోదరులు పురుషోత్తముగారును, కృష్ణమూర్తిగారును కొద్దిదినముల వ్యవధిలో ఒకరి వెంట ఒకరు కాలధర్మము చెందిరి. ఇరువురిని కబళించిన వ్యాధి ఒక్కటే. దానికి ఆంగ్లమున స్ప్రూ అని పేరు. మన వైద్యులు చెప్పు సంగ్రహిణివంటిది. ఈ వ్యాధి సోకినవాని ప్రేగుల లోపలి పొర చెడిపోవును. తిన్న అన్నము ఒంటబట్టదు, విరేచనములు కట్టవు, రక్తము పలుచబడును, మనిషి కన్నులయెదుటనే శుష్కించి పోవును. ఆనాటి వైద్యమునకు దీని కారణము తెలియదు; మందును తెలియదు. ఇంటిలో వైద్యవిద్య నభ్యసించినవాడుండియు అన్నదమ్ములను బ్రతికింపలేకపోయెను. ఈ దుఃఖము సుబ్బారావుగారి జీవితమునకు త్రోవ చూపెను. రోగి ప్రక్కన కూర్చుండి, ఉన్న మందునిచ్చు వైద్యముతో ఆయనకిక తృప్తి కలుగలేదు. లేని మందును కనుగొనవలెనను పట్టుదల కలిగెను.

ఆచంట లక్ష్మీపతిగారు మదరాసున నడుపుచున్న ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచు సుబ్బారావుగారు కొంతకాలము గడపిరి. కాని పరిశోధనకు సాధనములు, గురువులు ఇక్కడ లేరు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల విద్యాలయము కలదని తెలిసెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థవారి సాయమును, మామగారి సాయమును గైకొని, 1923లో ఓడయెక్కిరి. అక్టోబరు మాసమున బోస్టను నగరమున అడుగిడిరి. త్వరలోనే తిరిగివత్తునని భార్యకు మాట యిచ్చి వెడలిరి. ఆ మాట నెరవేరలేదు.

బోస్టనులో ఆయన జీవితము సుఖమైనది కాదు. భారతదేశపు వైద్యపట్టము అక్కడ వైద్యము చేయుటకు చాలదు. పగలు చదువు, రాత్రులు ఆసుపత్రిలో కూలిపని. రోగుల పాత్రలు కడిగియు, పక్కలు మార్చియు పొట్టపోసికొనిరి. ఉష్ణదేశవ్యాధుల శాస్త్రమున పట్టము పొందిన పిమ్మట, హార్వర్డు జీవరసాయన విభాగమున సైరస్ ఫిస్కె అను ఆచార్యునియొద్ద పరిశోధనకు చేరిరి.

అక్కడ ఆయన చేసిన మొదటి గొప్పపని ఒక కొలమానము. రక్తమునందు, మూత్రమునందు భాస్వరము ఎంత గలదో తేల్చుటకు అంతవరకు సులభమైన మార్గము లేదు. ఫిస్కె, సుబ్బారావుగార్లు 1925లో ఒక పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు కొన్ని రసాయనములను చేర్చగా నీలివర్ణము పుట్టును. భాస్వర మెక్కువైనకొలది నీలి చిక్కనగును, తక్కువైనచో పలుచనగును. ఆ వర్ణమును కొలిచినచో భాస్వరము లెక్క తేలును. ఈ పద్ధతి వారిరువురి పేరిటనే లోకమంతట వ్యాపించెను. రైతు తన చేనిమట్టిని భూసార పరీక్షకు పంపినప్పుడు, అందలి భాస్వరమును తేల్చుటకు పరీక్షాలయములలో వాడు మార్గములు సయితము ఈ నీలివర్ణపు కుటుంబమునకు చెందినవే.

కొలబద్ద చేతికి వచ్చిన తరువాత, దానితో కొలువవలసినది మిగిలియుండెను. ఎద్దు కాడి లాగునప్పుడు, మనిషి పార వేయునప్పుడు కండరమునకు బలమెక్కడనుండి వచ్చును? దీనిపై అంతకుముందు నోబెలు బహుమానము పొందిన పండితుల సిద్ధాంతమొకటి చెలామణిలో నుండెను. ఫిస్కె, సుబ్బారావుగార్లు 1927లో కండరమునుండి ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును కనుగొని, ఆ సిద్ధాంతము సరిపోదని చూపిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను మరియొక పదార్థమును వేరుచేసిరి. అదే సమయమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దీనిని కనుగొనెను. దీనినే ఎ.టి.పి. యని సంక్షేపముగా వ్యవహరింతురు.

ఎ.టి.పి. యనగా నేమి? ఇంటిలో పెద్దనోటున్నను, సంతలో కూరగాయలు కొనుటకు చిల్లర కావలెను. మనము తిను అన్నము పెద్దనోటు వంటిది. జీవకణము దానిని నేరుగా ఖర్చుపెట్టలేదు. దానిని ఎ.టి.పి. యను చిల్లరగా మార్చుకొని, ఏ పని కెంత కావలెనో అంత వెచ్చించుకొనును. కండరము కదలుటకు, గింజ మొలకెత్తుటకు, పాలు పెరుగగుటకు కారణమైన సూక్ష్మజీవి బ్రతుకుటకు, అన్నింటికిని ఈ నాణెమే. మనిషికిని, మిరపమొక్కకును, కంటికి కానరాని జీవికిని చెలామణి ఒక్కటేయని తెలిసిన పిదప, ప్రాణులెల్ల ఒక్క కుటుంబమేయను మాట కవుల ఊహగా మాత్రమే నిలువలేదు.

1930లో సుబ్బారావుగారు డాక్టరేటు పట్టమును పొందిరి. అయినను హార్వర్డులో ఆయనకు శాశ్వతోద్యోగము లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్ అను ఊరిలోగల లెడర్లీ ఔషధశాలలో ప్రవేశించి, స్వల్పకాలమునకే అచటి పరిశోధనలకెల్ల అధిపతి యైరి. తరువాతి ఎనిమిదేండ్లలో ఆయన నాయకత్వమున జరిగిన పని ఇంతంత యని చెప్పరాదు.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. దీని కథ కొంత పూర్వమునుండి చెప్పవలెను. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, గర్భవతులగు స్త్రీలకు, అందును బట్టలమిల్లులలో పనిచేయు పేదలకు కలుగు ఘోరమైన రక్తహీనతను పరిశీలించెను. ఈస్టు అను సూక్ష్మజీవినుండి తీసిన సారము ఇచ్చినచో వారికి రక్తము పట్టుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణకారి పదార్థమేదో ఎవ్వరికిని తెలియదు. 1941లో వేరు పరిశోధకులు పాలకూర ఆకులనుండి ఒక విటమినును రాబట్టి, లాటిను భాషలో ఆకునకు ఫోలియం అని పేరగుటచేత, దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. కాని శుద్ధముగా లభించినది అత్యల్పము; రోగులకు పంచిపెట్టుటకు చాలదు.

లెడర్లీలో స్టోక్‌స్టాడ్, హచింగ్స్ మొదలగు సహచరులతో సుబ్బారావుగారు ఈ పనిని తలకెత్తుకొనిరి. ఈ విటమిను గవ్వయెత్తు పదార్థములో వీసమంతయు నుండదు. అది యున్నదో లేదో కొలుచుట యెట్లు? అందులకు వారు లాక్టోబాసిల్లసు కేసీ అను సూక్ష్మజీవిని వాడిరి. మన యింటి కుండలో పాలను పెరుగు చేయు జీవులకు ఇది దగ్గరి చుట్టము. ఫోలిక్ ఆమ్లము లేనిదే ఇది పెరుగదు. గాజుగొట్టములలో తక్కిన ఆహారమంతయు పోసి, ఈ జీవిని విడిచి, పరీక్షింపవలసిన ద్రవమును చుక్క చేర్చెదరు. జీవి ఎంత పెరిగి ఎంత పులిసినదో చూచిన, అందలి విటమిను లెక్క తేలును. ఇట్లు కానరాని ప్రాణియే కానరాని పదార్థమునకు త్రాసు అయ్యెను. మరియొక సూక్ష్మజీవిని పెద్దతొట్లలో పెంచి, దాని పులిసిన ద్రవమునుండియు ఆ జాతి పదార్థమును తీసిరి. తుదకు దాని నిర్మాణమును తెలిసికొని, 1945 నాటికి రసాయనశాలలో కృత్రిమముగా తయారుచేసిరి.

ఆ మందును వైద్యులు రోగులకిచ్చి చూచిరి. గర్భవతుల రక్తహీనత తగ్గెను. అంతకుమించి, క్యూబా మొదలగు ఉష్ణదేశములలో స్ప్రూ వ్యాధిచే కృశించి మంచమునంటినవారు లేచి కూర్చుండిరి, ఆకలి పుట్టెను, రక్తము పట్టెను. చెడిన ప్రేగులు ఆహారమునుండి ఈ విటమినును గ్రహింపలేకపోవుటయే వారి రక్తము పలుచబడుటకు ముఖ్యకారణములలో నొకటియని తేలెను. పురుషోత్తముగారిని, కృష్ణమూర్తిగారిని తీసికొనిపోయిన వ్యాధి ఇదియే. మందు దొరకునప్పటికి వారు పోయి ఇరువదేండ్లు దాటెను. తమవారిని బ్రతికించుకొనుటకు వెదకిన మందు తమవారికి అందలేదు. ఊరుపేరు తెలియని కోట్లాది జనులకందెను. నేడు మన పల్లెలలో గర్భిణీస్త్రీలకు ఉచితముగా పంచు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలలో ఆ సోదరుల స్మృతి కలదు. మిరపకల్లములలో ఎండకు వంగి కాయలేరు తల్లి ఆ మాత్రను మ్రింగునప్పుడు ఈ సంగతి నెరుగకపోవచ్చును. మందు మాత్రము తన పని తాను చేయును.

రెండవది మరియు విచిత్రమైనది. రక్తకణములు హద్దుమీరి పెరుగు ల్యుకీమియా అను క్యాన్సరు పసిపిల్లలకు వచ్చినచో ఆనాడు ఆశ యుండెడిది కాదు. కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. గావున దానిని పోలియుండియు దాని పని చేయని నకిలీ పదార్థము నిచ్చినచో, కణము మోసపోయి, తాళములో తప్పుచెవి ఇరుకుకొన్నట్లై పెరుగుట మానవలెను. లెడర్లీ రసాయనజ్ఞులు అట్టి పదార్థములను తయారుచేసి యిచ్చిరి. బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు వానిలో అమినోప్టెరిను అనుదానిని 16 మంది పిల్లలకిచ్చెను. 10 మందికి వ్యాధి కొంతకాలము తగ్గెనని 1948లో ప్రకటించెను. ఆ గుణము శాశ్వతము కాలేదు. అయినను మందుచే ఆ వ్యాధిని అణచవచ్చునని మొదటిసారి తెలిసెను. దానికి తోబుట్టువగు మెథోట్రెక్సేటును నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వైద్యులు వాడుచున్నారు.

మూడవది మన కోస్తాసీమకు మిక్కిలి దగ్గరిది. దోమకాటుచే శరీరమున చేరు సన్నని పురుగులవలన బోదకాలు వచ్చును. ఆ పురుగుల పిల్లలు రాత్రివేళ రక్తమున సంచరించుచు, సూక్ష్మదర్శినిలోనే కాన్పించును. వీనిని నిర్మూలించు హెట్రజాను అను మందు సుబ్బారావుగారి పరిశోధనాలయమునుండి 1947లో వెలువడెను. ఏటేట ఆరోగ్యశాఖవారు ఇల్లిల్లు తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్ర ఇదియే. ముదిరిన వాపును ఇది తీయలేదు. కాని రక్తములోని పురుగు పిల్లలను చంపి, వ్యాధి ఒకరినుండి ఒకరికి ప్రాకకుండ ఆపును.

నాలుగవది మట్టినుండి వచ్చినది. ఉద్యోగవిరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుని లెడర్లీలో చేర్చుకొని, దేశదేశముల మట్టిని తెప్పించి పరీక్షింపజేసిరి. మిస్సోరి విశ్వవిద్యాలయపు వ్యవసాయక్షేత్రమునుండి 1945లో వచ్చిన మట్టిలో, బంగారువన్నె గల ఒక స్ట్రెప్టోమైసీసు దొరకెను. అది తన చుట్టునున్న రోగకారక సూక్ష్మజీవులను పెరుగనీయదు. దానినుండి తీసిన మందునకు ఆరియోమైసిను అని పేరు. 1948లో లోకమునకు ప్రకటింపబడిన ఈ మందు, టెట్రాసైక్లినుల కుటుంబమున మొదటిది. పెన్సిలినునకు లొంగని అనేక వ్యాధులు దీనికి లొంగెను. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము చెలరేగినప్పుడు జనులు చేతబట్టినది ఈ కుటుంబపు మందునే. అయితే ఇట్టి మందులను వైద్యుడు చెప్పకయే వాడినను, చెప్పిన దినములు వాడక నడుమ మానినను, రోగకారక జీవులు వానికి అలవాటుపడి మొండివగును. దొరకిన నిధిని దుబారా చేయుట తగదు.

ఇన్ని పనులు చేసినవాని పేరు ఇంత మరుగున నుండుటకు ఆయన స్వభావము గొప్ప కారణము. పత్రికలవారి యెదుటికి రారు. సభలలో ముందు నిలువరు. ప్రకటనలలో సహచరుల పేర్లు ముందుంచి తాము వెనుకకు తప్పుకొందురు. ఆరియోమైసినును లోకము డగ్గరుగారి పేరిట తెలిసికొనెను. అమినోప్టెరినును ఫార్బరుగారి పేరిట తెలిసికొనెను. అమెరికాలో అంతకాలము వసించియు ఆయన ఆ దేశపు పౌరసత్వమును పుచ్చుకొనలేదు. స్వదేశమున ఖద్దరుకై పట్టమును కోల్పోయినవాడు, పరదేశమున పరదేశిగనే నిలిచెను.

1948వ సంవత్సరము ఆగష్టు మాసమున, ఒక రాత్రి నిద్రలోనే గుండె యాగి సుబ్బారావుగారు తనువు చాలించిరి. వయస్సు ఏబదిమూడు. ఆరియోమైసిను వార్త లోకమునకందిన కొన్ని వారములకే ఇది జరిగెను. స్వతంత్ర భారతమును ఆయన కన్నులార చూడలేదు.

ఆయన చరిత్ర వ్రాయువారు ఒక పద్దును విడిచిపెట్టుట న్యాయము కాదు. అది శేషగిరిగారి పద్దు. భర్త ఓడయెక్కిన పిమ్మట పుట్టిన బిడ్డ పసితనముననే పోయెను. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. 1923 మొదలు 1948 వరకు ఇరువదియైదేండ్లు ఆమె నిరీక్షించెను. ఉత్తరములు వచ్చెను, మనిషి రాలేదు. లోకమునకు జమపడిన దానిలో ఈ యిల్లాలి ఖర్చు కలదు. దానినెవ్వరును తీర్చలేరు, తీర్చలేని దానిని తలచుకొనుటయైనను ధర్మము.

మరణానంతరము ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు ఆయన పేరిట సుబ్బారోమైసీసు అని నామకరణము చేసిరి. శతజయంతి సంవత్సరమగు 1995లో భారతప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను.

ఈ గ్రంథాలయమునకును నేడు ఇరువదియైదేండ్లు నిండినవి. సుబ్బారావుగారు అమెరికాలో గడపిన కాలము దాదాపు ఇంతియే. పరీక్షలో ఒకమారో రెండుమారులో తప్పి, తలవంచుకొని ఇక్కడి బల్లయొద్ద కూర్చుండు బాలుడెవ్వడైన నున్నచో, అతనిని చులకన చేయరాదు. అతని చేతికొక మంచి పుస్తకమందించుట పెద్దల విధి. మూడవమారు వ్రాయుట అతని విధి. చేలగట్టున కాలిక్రింద నలుగు మట్టిలో ఇంకను కనుగొనబడని జీవులు కోట్లు కలవు. వానిని చూడగల కన్ను ఈ ఊరిలోనే తెరచుకొనవచ్చును.